చూసినవారికే నీళ్లు

నిరుపమ తెర మీద ఉన్న నీలిగీతను వేలితో కాస్త కుడికి జరిపింది. కొండ కింద పంపుహౌస్ పక్కనున్న పెద్ద వాల్వ్ గరగరమంటూ దానంతట అది తిరిగింది. కంట్రోల్ రూమ్‌లో ఉన్న ఇంజనీర్లంతా కిటికీ దగ్గరికి పరుగెత్తారు. కమిషనర్ చక్రవర్తి మాత్రం కుర్చీలోంచి లేవకుండా ఆమె వేలినే చూస్తున్నాడు.

"మీరు రన్ నొక్కలేదు కదా?" అన్నాడు.

"లేదు సార్. ఇక ఎవరూ నొక్కక్కర్లేదు. పేజీ మీద ఏం జరిగినా కెర్నల్‌కి వెంటనే తెలిసిపోతుంది. కెర్నల్ ఏం ఆలోచించినా పేజీ మీద వెంటనే కనిపిస్తుంది."

"మధ్యలో మనిషి?"

"అవసరం లేదు."

కమిషనర్‌కి ఆ మాట తెగ నచ్చేసింది. మధ్యలో ఉండే మనుషులతోనే ఆయన ఉద్యోగమంతా తెల్లవారుతోంది మరి.

శాస్త్రజ్ఞులు వాడే కంప్యూటర్ నోట్‌బుక్ ఎప్పుడూ చూడనివాళ్ల కోసం ఇక్కడ కాస్త ఆగాలి. అది బ్రౌజర్‌లో తెరుచుకునే ఒక పేజీ. అందులో సెల్స్ అనే గళ్లుంటాయి. ఒక గడిలో ప్రోగ్రామ్ రాసి రన్ నొక్కితే, ఆ రాత ఎక్కడో వేరే కంప్యూటర్‌లో ఉన్న కెర్నల్‌కి వెళ్తుంది. లెక్క కట్టేది కెర్నల్. జవాబు వచ్చి గడి కింద వాలుతుంది. చూసేవాళ్లకి అంతా ఒక్కచోటే జరిగినట్టుంటుంది గానీ, నిజానికిది హోటల్ వ్యవహారం. బల్ల దగ్గర నిలబడి మనల్ని పలకరించేది పేజీలోని స్క్రిప్ట్. లోపల పొయ్యి దగ్గరున్నది బ్యాకెండ్, అంటే ఆ కెర్నల్. ఇద్దరి భాషలూ వేరు, ఒకరి మొహం ఒకరికి తెలీదు. రన్ నొక్కితేనే కబురు లోపలికి పోతుంది. నొక్కకుండా మీరు బల్ల విరిగేలా గుద్దినా వంటవాడికి వినపడదు.

డాక్టర్ సవరపు నిరుపమ ఆ గోడ పడగొట్టింది. తను తయారుచేసిన దానికి వారధి అని పేరు పెట్టుకుంది. వారధి ఉంటే పేజీ మీద వేలు కదిలినా, ఆగినా, తచ్చాడినా ఆ సంగతి తక్షణం కెర్నల్‌కి చేరుతుంది. ఇందులో మాయామంత్రం ఏమీ లేదు. రెండు వైపులా చెవులు పెట్టింది, అంతే.

ఇంత హడావిడి నీళ్ల కోసమే. సాగరగిరి ఊరు సముద్రానికీ కొండకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఉండటానికి చోటు చాలక వీధులు మెట్లు మెట్లుగా కొండెక్కాయి. ఉన్నది ఒకే జలాశయం. ఏ వీధికి ఎంత వదలాలో తెలియాలంటే పైపులకి మీటర్లుండాలి. మీటర్లు ఉప్పుగాలికి కొన్ని తుప్పు పట్టాయి, మిగిలినవాటిని జనమే ఊడదీసి పాత సామాన్లవాడికి వేశారు. దాంతో ఏ వీధికి ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలీదు. ఆ ఊరి ఆడవాళ్లు పెళ్లిచూపులకి కూర్చున్నా ఒక చెవి కుళాయి మీదే ఉండేది.

నిరుపమ ఆలోచన చాలా తేలిక. అందుకే అందరూ ముచ్చటపడ్డారు. ప్రతి ఇంటి ఫోన్‌లో ఆ నోట్‌బుక్ పేజీయే తెరుచుకుంటుంది. అందులో ఒక నీలం ట్యాంకు బొమ్మ, కింద నీళ్లొచ్చే వేళ. నీళ్లు కావలసినవాళ్లు ఆ పేజీని చూస్తారు. ఎంత ఎక్కువ కావాలో అంత ఎక్కువసేపు, అంత ఎక్కువసార్లు చూస్తారు. ఆ చూపుల్ని వారధి మోసుకెళ్తుంది, కెర్నల్ లెక్క కట్టి వాల్వులు తిప్పుతుంది. మీటర్లెందుకు, మనిషి ఆత్రమే మీటర్.

మొదట్లో అంతా బ్రహ్మాండంగా జరిగింది. బట్టలుతికే పూట వీధికి నీళ్లు వచ్చాయి, ఊరెళ్లినవాళ్ల వీధికి ఆగాయి. నిరుపమ ఫోటో పేపర్లో పడింది. కమిషనర్‌కి పక్క ఊళ్ల నుంచి ఫోన్లు వచ్చాయి. ఆయన ప్రతి ఫోన్‌లోనూ "మధ్యలో మనిషి లేడండీ" అని చెప్పుకున్నాడు.

జనం తెలివితక్కువవాళ్లని మాత్రం ఎవరూ అనుకోకండి. ఎక్కువ చూస్తే ఎక్కువ వస్తాయన్న సంగతి ఊరికి ఇట్టే తెలిసిపోయింది. బీచి రోడ్డు అపార్ట్‌మెంట్లవాళ్లు పేజీ తెరిచి మూయడం మానేశారు. రోజంతా పేజీ తడమగలడో లేదోనని వాచ్‌మన్ ఉద్యోగానికి వచ్చినవాణ్ణి వేళ్లు చూపించమన్నారు. బస్సులో, సినిమాలో, బారసాలలో, ఎక్కడ చూసినా మనుషులు మాట్లాడుతూనే బొటనవేలితో ఫోన్‌ని తడుముతున్నారు. పెళ్లిలో పురోహితుడు తాళి చేతికిచ్చి, "ఒక్క క్షణం బాబూ" అని పంచె మడతలోంచి ఫోన్ తీసేవాడు. ఇళ్లలో కొత్త తగువులు పుట్టాయి. పొద్దున ఎవరు చూశారు, మధ్యాహ్నం ఎవరు మర్చిపోయారు, నువ్వు నిద్రపోబట్టే కదా అవతలి వీధికి పోయాయి అని. ఊరంతా కాలు కాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టింది. ఎవరిని పలకరించినా సగం మాటే జవాబుగా వచ్చేది.

కెర్నల్‌కి ఇవేవీ తెలీవు. ఆత్రం పెరిగిందంటే దాహం పెరిగిందనే దాని లెక్క. వాచ్‌మన్ వేలికీ, నీళ్లు లేక గొంతెండినవాడి వేలికీ అది తేడా చూడలేదు.

కొండ పైవీధి నుంచి ఫిర్యాదు వచ్చిన రోజు నిరుపమ ఇదే ఆలోచిస్తూ ఉంది. ఫిర్యాదు చేసినవాడి పేరు గురువులు, రేవులో క్రేన్ డ్రైవర్. "మా ఆడదానికి కిడ్నీ పెట్టె నడవట్లేదండి. నీళ్లు లేవు. ఒక వంతు తప్పిపోనాది. రేపు కూడా తప్పితే ఇంకేటి ఉండదు" అని ఒక్క ఊపిరిలో అరిచి, మళ్లీ క్రేన్ ఎక్కాలని ఫోన్ పెట్టేశాడు.

కిడ్నీ పెట్టె అంటే ఇంట్లోనే డయాలిసిస్ చేసే మెషిన్. ట్రంకు పెట్టె అంత ఉంటుంది. అవి రోగుల ఇళ్లకే వచ్చాక ఆసుపత్రిలో ఆ వార్డు ఎత్తేశారు. పెట్టెకి పైపు నుంచి నీళ్లు ధారగా, ఆగకుండా రావాలి. బిందెతో పోస్తే అది తీసుకోదు. నిరుపమ ఉన్నపళంగా బయలుదేరింది.

పైవీధికి ఆటో కూడా పోదు. మెట్లెక్కి ఆయాసపడుతూ వెళ్లేసరికి గురువులు భార్య అసిరమ్మ గుమ్మంలో కుట్టు మిషన్ ముందు కూర్చుని జాకెట్టుకి చేతులు అతుకుతోంది. యాభై ఏళ్లుంటాయి. కాళ్లు వాచి, మిషన్ పెడల్ మీద బరువుగా ఆనుతున్నాయి. మొహం కూడా ఉబ్బింది. ఆ మొహంలో కంగారు మాత్రం లేదు.

"రా తల్లీ, కూకో. మెట్లెక్కి ఒచ్చినావు, మజ్జిగ ఇస్తాను" అంది.

"అసిరమ్మ గారూ, ముందు మీ ఫోన్ చూపించండి."

"అదిగో, గూట్లో ఉంది."

నిరుపమ ఫోన్ తీసి పేజీ తెరిచింది. ఆ ఇంటి చూపుల వరస చూసి నిర్ఘాంతపోయింది. పొద్దున ఒక్కసారి తెరిచారు. అంతే, మళ్లీ ముట్టలేదు. నిన్నా అంతే. అంతకు ముందూ అంతే.

"మీరు పేజీ చూడరా?"

"సూత్తాను. పొద్దున సూసినాను. ఆరింటికి ఒస్తాయని రాసుంది. సరే అని పెట్టీసినాను."

"మళ్లీ మళ్లీ చూడాలి కదండీ!"

అసిరమ్మ దారం కొరికి ఆమె వైపు వింతగా చూసింది. "ఆరింటికి ఒస్తాయని ఒక పాలి సెప్పింది కదమ్మా. నమ్మాల. సెప్పిన మనిషినే పదిసార్లు అడిగితే ఆ మనిసికి ఎలాగుంటాది?"

ఊరు మొత్తం మీద తన యంత్రాన్ని పూర్తిగా నమ్మిన మనిషి ఈవిడ ఒక్కతే. నమ్మి ఫోన్ గూట్లో పెట్టింది. ఈ ఇంటి చూపులు లేక కెర్నల్ పైవీధికి నీళ్లు అంతగా అక్కర్లేదనుకుంది. ఆరింటికి రావలసినవి బీచి రోడ్డుకి పోయాయి. పక్కిళ్లవాళ్లు కొన్నాళ్లుగా అసిరమ్మ కోసం కూడా తమ ఫోన్లు తడుముతున్నారట. ఆ కాసిని చూపులతోనే ఇన్నాళ్లూ పెట్టె ఎలాగో నడిచింది.

"రేపు పొద్దున నీళ్లొస్తాయి" అంది నిరుపమ లేస్తూ. "ఇక మీరు గానీ, మీ పక్కవాళ్లు గానీ ఫోన్ చూస్తూ కూర్చోనక్కర్లేదు. ఆ చూపుల లెక్క నేను ఇవాళే తీసేస్తాను. అందరికీ సమంగా వస్తాయి."

"నువ్వే సెప్తున్నావు కదా. ఇంకేటి" అంది అసిరమ్మ. పక్కింటి వాకిట్లోకి తొంగి చూసి, "ఓలమ్మా, ఇంక ఫోన్లు ఒగ్గీయండి, డాక్టరమ్మ ఒచ్చి సెప్పింది!" అని కేకేసింది. అక్కడ ఎవరో హమ్మయ్య అన్నారు.

నిరుపమ మెట్లు దిగి కంట్రోల్ రూమ్‌కి వచ్చింది. నోట్‌బుక్ తెరిచింది. చూపుల్ని లెక్కబెట్టే సెల్ ఏదో ఆమెకి తెలుసు, తను రాసిందే. దాన్ని పట్టుకుని చెరిపేసింది. గడి మాయమైంది. పేజీ మీద ఆ రాత తాలూకు ఆనవాలు కూడా మిగల్లేదు. రెండుసార్లు పైనుంచి కిందికి చూసుకుని, గట్టిగా ఊపిరి వదిలి, ఇంటికి వెళ్లిపోయింది.

తెల్లారి గురువులు ఫోన్ వచ్చింది. ఈసారి అరవలేదు. "నీళ్లు రానేదమ్మా. మా ఇంటికే కాదు, ఈదికే రానేదు. నువ్వు సెప్పినావని అందరం ఫోన్లు ఒగ్గీసినాం. దానికి ఎగూపిరి ఒస్తంది."

నిరుపమ కంట్రోల్ రూమ్‌లోకి పరుగున వచ్చి పేజీ మీద పైవీధి గీతను పట్టుకుని కుడికి లాగింది. అది కాసేపు అక్కడ నిలబడి, మెల్లగా ఎడమకి వచ్చేసింది. మళ్లీ లాగింది. మళ్లీ వచ్చేసింది. ఆమె వేలు ఒక వైపుకీ, ఊరి వేళ్లన్నీ ఇంకో వైపుకీ లాగుతున్నాయి. చెరిపేసిన లెక్క ఇంకా నడుస్తూనే ఉంది.

అప్పుడు తల పట్టుకుంది. నోట్‌బుక్ వాడే ప్రతివాళ్లూ మొదటి వారంలోనే నేర్చుకునే విషయం ఇది. పేజీలో గడిని చెరిపితే చెరిగేది రాత మాత్రమే; వారధి మోసేది వేళ్ల కదలికల్నే గానీ చెరిపిన రాతల్ని కాదు. ఒకసారి రన్ అయిన మాట కెర్నల్ మనసులో ఉండిపోతుంది. హోటల్లో బోర్డు మీది పేరు తుడిచేశారు సరే, వంటవాడికి ఎవరు చెప్పారు? వాడు ఆ కూరే వండుతూ ఉంటాడు. తన దగ్గర చదువుకున్నవాళ్లకి నిరుపమ ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో. చెప్పిన మనిషే శుభ్రంగా ఉన్న పేజీని చూసి మోసపోయింది. అసిరమ్మ నమ్మింది నిరుపమని, నిరుపమ నమ్మింది పేజీని.

కెర్నల్ మరిచిపోవాలంటే ఒకటే మార్గం, రీస్టార్ట్. అది నొక్కితే దాని మనసు పలక తుడిచినట్టు అయిపోతుంది. ఊళ్లోని వాల్వులన్నీ మూసుకుంటాయి. మళ్లీ మొదటి గడి నుంచి ఒక్కొక్కటీ నడుపుకుంటూ రావాలి. అప్పటిదాకా ఊరికి చుక్క నీళ్లుండవు.

ఆమె ఫోన్ చేస్తే కమిషనర్ అదిరిపడ్డాడు. "ఇవాళ ముహూర్తాలున్న రోజు మేడమ్! ఎన్ని కల్యాణమండపాలు, ఎన్ని హోటళ్లు! సాయంత్రం దాకా ఆగండి. ఒక మీటింగ్ పెట్టుకుని..."

"సాయంత్రానికి ఆవిడ ఉండదు సార్."

"ఒక్క ఇంటి కోసం ఊరంతా ఆపేస్తారా?"

"ఊరంతా కలిసి ఒక్క ఇల్లు ఆపేసింది కదా" అని నిరుపమ ఫోన్ పెట్టేసింది. రీస్టార్ట్ నొక్కింది.

గీతలన్నీ ఒక్కసారి సున్నా మీద పడ్డాయి. కిటికీ బయట వాల్వులు ఒకదాని తర్వాత ఒకటి మూసుకుంటున్న చప్పుడు వినిపించింది. మరుక్షణం ఊళ్లోని ఫోన్లన్నీ ఆమె బల్ల మీదే మోగుతున్నట్టయింది. ఆమె ఏదీ ఎత్తలేదు. మొదటి సెల్ నడిపింది, రెండోది నడిపింది, పెదవి కొరుక్కుంటూ ఒక్కొక్కటీ నడిపింది. ఏది ముందో ఏది వెనకో తప్పితే మళ్లీ మొదటికొస్తుందని ప్రతి గడినీ పైకి చదువుకుంది. చూపుల గడి చెరిపేసి ఉంది కాబట్టి ఈసారి కెర్నల్‌కి ఆ మాటే చేరలేదు. పైవీధి గీతను అన్నిటికంటే ముందు కుడికి లాగింది. చెయ్యి తీసేసి చూసింది. గీత కదల్లేదు.

ఎండ నడినెత్తికి వచ్చేవేళ గురువులు ఫోన్ చేశాడు. ఫోన్‌ని పెట్టె దగ్గర పెట్టినట్టున్నాడు, నీళ్లు ధారగా లోపలికి పోతున్న చప్పుడు వినిపించింది. నిరుపమ బల్ల మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది.

కథ ఇక్కడ ఆగి ఉంటే నాకూ సుఖంగా ఉండేది. ఆగలేదు.

ఆ రోజు నుంచి ఊళ్లో ప్రతి వీధికీ సమంగా, చెప్పిన వేళకి నీళ్లొచ్చాయి. పేజీ చూసినా ఒకటే, చూడకపోయినా ఒకటే. జనానికి ఊపిరి ఆడి ఉండాలని మీరూ నేనూ అనుకుంటాం. వాళ్లకి ఊపిరి ఆడలేదు. తడిమే వేళ్లు ఊరుకోలేదు. తడిమితే పేజీ కదలడం లేదు. కింద నీళ్లు పడుతుంటే పక్కన నిలబడి ఫోన్ తడుముతూ, ఇది ఎందుకు పలకడం లేదని తిట్టుకున్నారు. నిద్ర పట్టడం లేదన్నారు. చివరికి బీచి రోడ్డు అపార్ట్‌మెంట్ల సంఘం అధ్యక్షుడు వైకుంఠరావు ఊరి పెద్దల్ని వెంటబెట్టుకుని కమిషనర్ గదికి వచ్చాడు. నిరుపమని పిలిపించారు.

"నీళ్లు సరిగ్గా రావడం లేదాండీ?" అని అడిగింది ఆమె.

"వస్తున్నాయండీ, రావడం లేదని ఎవరన్నారు?" అన్నాడు వైకుంఠరావు. ఆయన బొటనవేలు మాట్లాడుతున్నంతసేపూ కుర్చీ చేతిని గోకుతూనే ఉంది. "కానీ మేం అడిగితే వచ్చినట్టు లేదు. ఇదివరకు నేను కష్టపడి చూసేవాణ్ణి, నా కష్టానికి ట్యాంకు నిండేది. ఇప్పుడు చూసినవాడికీ అంతే, పడుకున్నవాడికీ అంతే. ఇదేం న్యాయం?"

"పడుకున్నవాళ్లకి దాహం ఉండదా?"

"ఉంటే లేచి చూసేవాళ్లు కదా మేడమ్!"

వెనకున్నవాళ్లంతా తలలూపారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, వాళ్లని చూస్తే భయం వేసేది అందుకే. కమిషనర్ కళ్లజోడు తుడుచుకుంటూ, ప్రజలు కోరుతున్నారు కనుక చూపుల లెక్క మళ్లీ పెట్టేయమన్నాడు. నిరుపమ వాదించింది, బతిమాలింది. కనీసం అసిరమ్మ ఇంటి కోసం పైవీధిని లెక్కలోంచి తప్పించమంది. ఒక్క ఇంటికి మినహాయింపు ఇస్తే రేపు అందరూ అడుగుతారని ఆయన అన్నాడు. ఆమె రాయకపోతే రాసేవాళ్లు ఇంకొకరు సిద్ధంగా ఉన్నారని కూడా చెప్పాడు. సాయంత్రానికి ఆ గడి మళ్లీ పేజీలోకి వచ్చింది. ఊరు హాయిగా ఆత్రపడటం మొదలుపెట్టింది.

నిరుపమ ఉద్యోగం వదిలేసింది. పైవీధిలోనే అసిరమ్మ ఇంటి ఎదురుగా ఒక గది అద్దెకి తీసుకుంది.

ఇప్పుడు మీరు ఆ వీధికి వెళ్తే, డయాలిసిస్ ఉన్న రోజుల్లో అసిరమ్మ నులకమంచం మీద పడుకుని కనిపిస్తుంది. పెట్టె తన పని తాను చేసుకుపోతుంటుంది. పక్కన స్టూలు మీద నిరుపమ కూర్చుని ఉంటుంది. కూర్చుని ఉంటుందనడం కూడా తప్పే. లేస్తుంది, గుమ్మం దాకా వెళ్తుంది, తిరిగొస్తుంది, అసిరమ్మ ఫోన్‌ని తెరుస్తుంది, మూస్తుంది, తడుముతుంది, మళ్లీ తెరుస్తుంది. కళ్ల కింద నల్లగా చారలు. అన్నం ముందున్నా ముద్ద నోటి దాకా పోదు. ఆమె ఒక్కతే ఆ వీధికంతటికీ సరిపడా చూస్తుంది. నీళ్లు ఏనాడూ ఆగలేదు.

మొన్న పరామర్శకి వచ్చిన చుట్టాలావిడ ఈ వాలకం చూసి, "ఎవరే ఆ పిల్ల, ఏటలాగుంది?" అని గుసగుసగా అడిగింది.

అసిరమ్మ నవ్వి, పెట్టె గొట్టాలున్న చెయ్యి కదిలించకుండానే గొంతు తగ్గించింది. "పెద్ద సదువు సదివిందటమ్మా. ఏటి జబ్బో, పాపం, ఒక్క నిమషం కుదురుండదు. మందుల్లేని జబ్బులాగుంది. రోజూ నా కాడికే ఒస్తాది. నా పక్కన కూకుంటే కొంచెం నయంగా ఉంటాదేమోనని, నానూ ఏటీ అనను."